వేయి మొగముల నటుడు లాన్ చేనీ

పాఠశాల సంచికలలో చక్రవర్తుల చరిత్రములును, శాస్త్రజ్ఞుల చరిత్రములును, దేశసేవకుల చరిత్రములును చదువుట మన చదువరులకు అలవాటు. ఈ పర్యాయము మేమొక సినిమానటుని చరిత్రము వ్రాయ బూనితిమి. అతడు రాజవేషములు ధరించి మెప్పు గొన్నవాడు కాడు. గూనివాడుగను, కాళ్లు లేని దొంగగను, పుఱ్ఱెవంటి ముఖము గల మనుష్యుడుగను తెరపై కానవచ్చి లోకమును భయపెట్టినవాడు. అట్టివాని కథ బాలురకెందులకని పెద్దలు కొందరడుగవచ్చును. ఈ కథలో తల్లిసేవ కలదు. నాలుగవ తరగతిలో చదువు మానినవాడు విజ్ఞానసర్వస్వమునకు వ్యాసము వ్రాసిన వింత కలదు. అన్నిటికంటె మిన్నగా, భయము పుట్టించు కళకు సైతము జాలియే మూలము కాగలదనుటకు నిదర్శనము కలదు. కావుననే మేము దీనిని ఎన్నుకొంటిమి.

పగటివేషగాండ్రను గూర్చి మనలో విననివారుండరు. నేడు శివుడై వచ్చినవాడు రేపు పాములవాడై, ఎల్లుండి సోదెకత్తెయై వచ్చును. ఊరివారు అతని నిజరూప మెరుగకయే సంభావన యిచ్చి పంపుదురు. చలనచిత్రములు మాటలు నేర్వకముందు అమెరికా దేశమున అట్టి బహురూపములతో ప్రసిద్ధి కెక్కినవాడు లాన్ చేనీ. వేయి మొగముల మనిషియని ఆనాటివారు అతనికి బిరుదిచ్చిరి. నేలపై సాలెపురుగు కానవచ్చిన తొక్కవలదనియు, అది లాన్ చేనీ కావచ్చుననియు జనులు పరిహాసమాడుకొనుచుండిరట.

ఇతడు 1883వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన కొలరాడో రాష్ట్రమందలి కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు లియోనిడాస్ ఫ్రాంక్ చేనీ. తండ్రి ఫ్రాంక్ క్షౌరవృత్తితో కుటుంబమును పోషించువాడు. తల్లి పేరు ఎమ్మా. వారిరువురును బధిరులు. ఎమ్మా తండ్రియగు జోనాథన్ కెనెడీ 1874లో, కొలరాడో యింకను రాష్ట్రము కాకముందే, ఆ పట్టణమున బధిర బాలబాలికలకొక పాఠశాలను నెలకొల్పెను. తొలుత అందు చేరినవారు ఏడుగురు. ఆ యేడుగురిలో ముగ్గురు అతని బిడ్డలే. ఆ విద్యాలయము నేటికిని అచ్చటనే నడచుచున్నది.

చేనీ దంపతుల బిడ్డలకు వినికిడి చక్కగానే యుండెను. కాని ఆ యింట సంభాషణము చేతులతోను కన్నులతోను జరుగవలసినదే. మన యిండ్లలో బిడ్డ పిలిచిన తల్లి పలుకును. ఆ యింట పిలుపు వినువారు లేరు. ఆకలి యైనను, నొప్పి యైనను, అలుక యైనను ఎదుట నిలిచి ముఖముతో తెలుపవలెను. పెదవి కొంచెము వంగిన నొక యర్థము, భుజము కొంచెము జారిన మరియొక యర్థము. ఇట్టి భాష లాన్‌కు ఉగ్గుపాలతో అబ్బెను.

అతడు నాలుగవ తరగతిలో నుండగా తల్లికి కీళ్లవాతము తీవ్రముగా సోకి, ఆమె మంచము పట్టెను. బాలుడు బడి మాని తల్లికి ఉపచారములు చేయ దొరకొనెను. ఇట్లు సుమారు మూడేండ్లు గడచెను. నొప్పిచే ఆమె చేతులును స్వాధీనము తప్పుచుండెను. వినలేదు, పలుకలేదు, ఇక చేతులతో మాటాడుటయు కష్టమయ్యెను. అట్టి తల్లికి ప్రొద్దు పుచ్చుట యెట్లు? బాలుడు వీధిలో చూచినవారి నడకలను, ఊరిలో జరిగిన విశేషములను మంచము ముందర అభినయించి చూపుచుండెను. తల్లి నవ్విన అతనికి తెలిసెడిది తన యభినయము సరిపడినదని. నవ్వకున్న మరల ప్రయత్నించెడివాడు. ప్రపంచమంతయు తరువాత మెచ్చుకొన్న కళను అతడు నేర్చిన పాఠశాల ఆ మంచపు చెంతనే యని మేము తలంతుము.

అన్నయగు జాన్ ఆ పట్టణపు నాటకశాలలో పనిచేయుచుండెను. లాన్ సైతము అచ్చట సామగ్రి నందిచ్చు కుఱ్ఱవాడుగా ప్రవేశించి, తెరలు దించుట, రంగులు వేయుట, చిన్న వేషములు కట్టుట మున్నగు పనులన్నియు అలవరచుకొనెను. 1902 నాటికి రంగస్థలమెక్కి, పిమ్మట సంచార నాటకసమాజములతో ఊరూర తిరుగసాగెను. ఆ సంచారములలో క్లీవా క్రైటన్ అను గాయకురాలిని వివాహమాడెను. 1906లో వారికి క్రైటన్ అను కుమారుడు కలిగెను. ఒకనాడు చేతిలో కాసులుండిన మరునాడు పస్తు. ఇదియే ఆనాటి సంచార నటుల బ్రతుకు.

ఆ సంసారము నిలువలేదు. కలహములు ముదిరి, 1913 ఏప్రిల్ మాసమున లాస్ ఏంజెలీస్ నగరపు నాటకశాలలో క్లీవా విషము మ్రింగెను. ప్రాణము దక్కినది గాని పాడు కంఠము పోయినది. ఆ వార్త పత్రికల కెక్కుటచే చేనీకి నాటకరంగమున తావు లేకపోయెను. దంపతులు విడిపోయిరి. స్థిరమైన యిల్లు లేనందున కుమారుని పిల్లల వసతిగృహమున నుంచవలసి వచ్చెను. ఆ నాటికి అతనికి ముప్పదియేండ్లు. పేరు లేదు, పని లేదు, బిడ్డను దగ్గర నుంచుకొను గూడు లేదు. ఆ దుర్దశయే అతనిని చలనచిత్రముల వైపు నడిపెను.

ఆ దినములలో హాలీవుడ్ చెంత యూనివర్సల్ సంస్థవారు వారమునకు పెక్కు చిన్న చిత్రములు తీయుచుండిరి. పని కోరువారు ఉదయముననే ఆవరణమున గుమిగూడుదురు. దర్శకుడు వచ్చి తనకు కావలసిన పోలిక గలవారిని ఏరుకొని పోవును. చేనీ తన రంగులపెట్టె ప్రక్కన నుంచుకొనెడివాడు. నావికుడు కావలెనన్న నావికుడు, ముసలివాడు కావలెనన్న ముసలివాడు కొలది నిమిషములలో సిద్ధమగుచుండెను. ఇట్లు అయిదేండ్లలోపల నూరు చిత్రములకు పైగా నటించెను. 1915లో హేజెల్ హేస్టింగ్స్ అను సుశీలను పరిణయమాడి కుమారుని ఇంటికి తెచ్చుకొనెను. కొంతకాలమునకు జీతము పెంచుమని కోరగా, అతనికి వారమునకు 100 డాలర్లకు మించిన విలువ యెన్నటికిని రాదని అధికారి త్రోసిపుచ్చెనని చెప్పుదురు. చేనీ వాదింపక ఆ కొలువు విడిచి వెలుపలికి వచ్చెను.

1919లో వెలువడిన ది మిరకిల్ మ్యాన్ అను చిత్రము అతని దశను త్రిప్పెను. అందొక మోసగాడు కాళ్లు చేతులు మెలికలు పడిన కుంటివానిగా నటించి, జనుల యెదుట వ్యాధి నయమైనట్లు ఒక్కొక్క అవయవమును విప్పుకొనుచు లేచి నిలుచుండవలెను. శరీరమును ఇచ్చవచ్చినట్లు వంచగల సర్కసువానిని దర్శకుడు వెదకుచుండగా చేనీ ముందునకు వచ్చి దానిని చేసి చూపెను. ఆ చిత్రములో నేడు మిగిలినవి కొన్ని తునుకలే. ఆ తునుకలలో ఈ దృశ్యము నిలిచియున్నది.

అతడు వేషము వేయు విధమును కొంత తెలుపుట యుక్తము. ఆ కాలమున ముఖాలంకరణమునకు ప్రత్యేకముగా పనివారుండుట అరుదు. నటులు తమ ముఖములను తామే దిద్దుకొనెడివారు. నేటి రబ్బరు తొడుగులు నాడు లేవు. కలోడియన్ అను ద్రవమును చర్మముపై పూసి ఆరనిచ్చిన ముడుతలును గాయపు మచ్చలును ఏర్పడును. దానితో దూదిని పొరలు పొరలుగా అంటించిన చెక్కిళ్లు ఉబ్బి యెముకలు పొడుచుకొని వచ్చినట్లుండును. మైనపు ముద్దతో ముక్కును పెంచవచ్చును. ఆనాటి ఫిల్ము ఎఱుపును నలుపుగా పట్టెడిది. కావున ఏ రంగు తెరపై ఏమగునో ముందుగనే లెక్క కట్టవలెను. చేనీ ఆ లెక్కలో నేర్పరి. 1929 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాకు ముఖాలంకరణమును గూర్చిన వ్యాసమును వ్రాసినది ఇతడే. బడిని నాలుగవ తరగతిలో విడిచినవాడు పండితులతో పాటు ఆ గ్రంథమున కూర్చుండెను!

1920లో ది పెనాల్టీ చిత్రమున మోకాళ్ల దిగువ కాళ్లు లేని దొంగలనాయకుని వేషము దొరకెను. చేనీ తన కాళ్లను వెనుకకు మడచి, తోలుపట్టీలతో బిగియగట్టించుకొని, మోకాళ్లపై తోలు తొడుగులతో నడచెను. రక్తప్రసారము నిలిచిపోవుటచే కొలది నిమిషములకు మించి భరింప శక్యము గాకుండెను. బాధ తగ్గగనే మరల కట్టించుకొనెడివాడు. ప్రేక్షకులు దీనిని చూచి నిజముగా కాళ్లు లేనివాడే యని భ్రమించిరి.

ఇక మేము చెప్పదలచినది 1923 నాటి ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్. విక్టర్ హ్యూగో 1831లో ప్రకటించిన నవల దీనికి ఆధారము. పారిస్ నగరపు దేవాలయ ముఖభాగమును యూనివర్సల్ ఆవరణమున కట్టించిరి. పూర్వము అతని విలువను గుర్తింపని ఆ సంస్థయే ఇప్పుడు అతనిని నాయకునిగా పిలిచికొనెను. కథానాయకుడగు క్వాసిమోడో గూనివాడు, కురూపి, దేవాలయపు గంటలు కొట్టువాడు. ఆ గంటల హోరు చేతనే అతని చెవులు పోయినవి. గూని బరువును గూర్చి ప్రకటనలలో మిక్కిలి పెంచి చెప్పిరి. అది ఎంత బరువైనను, అంతకంటె గొప్ప భారమును చేనీ తన హృదయమున మోసెనని మా యభిప్రాయము. ఏలయన బధిరుని వేషమును ధరించినవాడు బధిరుల బిడ్డ.

ఆ చిత్రమున రెండు దృశ్యములు మఱపునకు రావు. క్వాసిమోడోను నడివీధిలో కట్టివైచి కొరడాలతో కొట్టుదురు. అతడు దాహముతో అలమటించుచుండగా జనులు నవ్వుదురు. ఎస్మెరాల్డా యను యువతి యొకతె మెట్లెక్కి వచ్చి నీరందించును. అప్పుడా వికృతముఖమున సిగ్గును, ఆశ్చర్యమును, కృతజ్ఞతయు ఒకదాని వెంట నొకటి పొడసూపును. అంతవరకు భయపడిన ప్రేక్షకుడు ఆ క్షణమున తన భయమునకు తానే సిగ్గుపడును. తుదకు క్వాసిమోడో కత్తిపోటు తిని, కడ యూపిరితో తన మరణఘంటను తానే మ్రోగించి మరణించును. ఆ గంట అతనికి వినబడదు. ఆ చిత్రము మూకచిత్రము గనుక మనకును వినబడదు! మనమును అతనివలె చూచుటయే గాని వినుట లేదు.

1925లో ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా వెలువడెను. నాటకశాల నేలమాళిగలలో ముసుగుతో దాగి, గాయకురాలికి సంగీతము నేర్పు కురూపి కథ అది. ఈ వేషమునకై చేనీ ముక్కుపుటములను తీగతోను మత్స్యచర్మముతోను పైకి లాగి, చెక్కిళ్లను ఉబ్బించి, పుఱ్ఱెవంటి ముఖమును కల్పించుకొనెను. విడుదలకు ముందు ఆ ముఖము కనబడు చిత్తరువు నొక్కదానినైనను పత్రికలకీయలేదు. గాయకురాలు వెనుకనుండి ముసుగు లాగివైచు దృశ్యము చలనచిత్ర చరిత్రమున సుప్రసిద్ధము. ఆ దృశ్యమున భయము కొంతసేపే; ముసుగు పోయినవాని దుఃఖము చాలసేపు నిలుచును. తన ముఖమును పరులు చూచిరను వేదన అతని చేతులలో, వంగిన మెడలో కానవచ్చును. ఆ నాటకశాల రంగమునకై కట్టిన భవనము 2014 వరకు నిలిచియుండెను. దానిని పడగొట్టునప్పుడు లోపలి నిర్మాణమును భద్రపరచిరి.

1924 నుండి చేనీ మెట్రో-గోల్డ్విన్-మేయర్ సంస్థలో నుండెను. టాడ్ బ్రౌనింగ్ అను దర్శకునితో మొత్తము పది చిత్రములు చేసెను. వానిలో 1927 నాటి ది అన్‌నోన్ మిక్కిలి వింతైనది. చేతులు లేనట్లు నటించి, కాళ్లతో కత్తులు విసరు సర్కసువాని కథ యిది. కాళ్లతో చేయు కొన్ని పనులకు నిజముగా చేతులు లేని యొకని సాయము గొనిరి. ఆ చిత్రమున నటించిన జోన్ క్రాఫోర్డ్ నటనమనగా నేమో చేనీని చూచియే తెలిసికొంటినని తరువాతి కాలమున చెప్పుకొనెను. ఆ యేటనే వెలువడిన లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్ చిత్రమున పొడుగు టోపీ, వాడి పండ్లు, తెరచిన గ్రుడ్లతో పిశాచవేషము ధరించెను. దాని కడపటి ప్రతి 1965 నాటి అగ్నిప్రమాదమున నశించెనందురు. నేడు ఛాయాచిత్రములే మిగిలినవి. అతడు నటించిన 150కి పైగా చిత్రములలో సగమునకు మించి ఇట్లే కాలగర్భమున కలిసెను. వేషము లేని ముఖముతో నటించినవియు కలవు. 1926లో నావికాసైనికుల అధికారిగా నటించిన చిత్రము మెచ్చి, అమెరికా నావికాసైన్యము వారు అతనిని తమలో గౌరవసభ్యునిగా గైకొనిరి.

దోషములను కప్పిపుచ్చుట చరిత్రకారునకు తగదు. చేనీ చీనాదేశీయుల వేషములు ధరించెను. ఒక జాతివారి ముఖమును మరియొక జాతివాడు రంగుతో కల్పించుకొనుటను నేటివారు ఒప్పరు. అట్లు ఒప్పకుండుట న్యాయమే. అంగవైకల్యము గలవానినే దుష్టునిగా చూపు కథలును ఆ కాలమున పెక్కులు వచ్చెను. చేనీ చిత్రములలోను అట్టివి కలవు. అయినను ఆ కథలలోని దుష్టుని హృదయమును తెరచి చూపవలెనని అతడు యత్నించెను. అతని భీకరరూపములలో దయ్యములు దాదాపు లేవు. గాయపడినవారు, నవ్వులపాలైనవారు, ప్రేమకు నోచుకొననివారు కలరు.

ఇంతటి కీర్తి వచ్చియు చేనీ ఆడంబరమును దరిచేరనీయలేదు. విందులకు పోడు; పత్రికలవారికి చిక్కడు. తెర దిగిన పిదప తన్ను గూర్చి లోకము తెలిసికొనవలసినదేమియు లేదని అతని యభిప్రాయము. స్టూడియోలోని చిన్న పనివారితో స్నేహము. సెలవులలో సియెర్రా నెవాడా పర్వతములకేగి చేపలు పట్టుకొనుట వినోదము. అచ్చట బిగ్ పైన్ సమీపమున పాల్ విలియమ్స్ అను నల్లజాతి శిల్పి రూపకల్పనతో కట్టించుకొన్న రాతికుటీరము నేటికిని కలదు. కుమారుడు నటుడగుట అతనికి సమ్మతము గాదు. ఆ కష్టములు బిడ్డకు వలదని వేరు వృత్తిలో నిలిపెను.

1927లో ది జాజ్ సింగర్ వెలువడగా తెర మాటాడ నారంభించెను. లోకము సంబరపడెను. కాని అంతవరకు అందరితో సమానముగా చిత్రములు చూచి యానందించిన బధిరులకు ఆ ద్వారము మూసికొనెను. ఈ సంగతి తలచినవారు కొలదిమంది. చేనీ రెండు మూడేండ్లు మాటాడు చిత్రములకు ఒప్పుకొనలేదు. తుదకు 1930లో ది అన్‌హోలీ త్రీ చిత్రమున నోరు విప్పెను. వేయి మొగములవాడు అయిదు గొంతులతో పలికెను: మాయగొంతు విద్యవాడు, వాని బొమ్మ, ముసలమ్మ, చిలుక, బాలిక. అవన్నియు తన గొంతులేయని ప్రమాణపత్రముపై సంతకము చేసెను. చిత్రము జయప్రదమయ్యెను. కొత్త కళలోను అతనికి ఎదురు లేదని జనులు తలంచిరి.

విధి వేరుగా తలంచెను. ఊపిరితిత్తులలో పుండు పుట్టి అప్పటికే ముదిరియుండెను. చిత్రము విడుదలయై రెండు మాసములైనను కాకముందే, కంఠమునుండి రక్తస్రావము జరుగ, 1930 ఆగస్టు 26వ తేదీన లాస్ ఏంజెలీస్ నగరమున అతడు కన్నుమూసెను. వయస్సు 47 ఏండ్లు. కడపటి దినములలో గొంతు పూర్తిగా పడిపోయెను. అప్పుడతడు చేతులతో, కన్నులతో తన వారితో మాటాడెను. తల్లి మంచము చెంత నేర్చిన భాష తన మరణశయ్యపై అతనికి తోడయ్యెను. ఈ సంగతిని వ్రాయునప్పుడు మా కలము కొంత తడవు నిలిచినది.

నావికాసైనికులు అంత్యక్రియలలో గౌరవమర్యాదలు నెరపిరి. గ్లెండేల్‌లో అతని సమాధిపై పేరు చెక్కియుండలేదు. మరుసటి యేడు, 1931లో, టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వమున బేలా లుగోసి నటించిన డ్రాక్యులాయు, బోరిస్ కార్లాఫ్ నటించిన ఫ్రాంకెన్‌స్టైన్‌యు వెలువడి, భయానక చిత్రములకొక యుగమును తెరచెను. కార్లాఫ్ ధరించిన భూతమునకు మాట లేదు. ఆ మూకముఖముననే ప్రేక్షకులు దుఃఖమును చూచిరి. చేనీ వేసిన బాటయే యిది. కుమారుడగు క్రైటన్ తండ్రి మరణానంతరము నటుడై, లాన్ చేనీ జూనియర్ అను పేరుతో 1941లో ది వుల్ఫ్ మ్యాన్ చిత్రమున ప్రసిద్ధి గాంచెను. 1997లో అమెరికా తపాలాశాఖ వారు భయానక చిత్రముల బిళ్లలు వెలువరించినప్పుడు తండ్రికొడుకు లిరువురకును చోటు కల్పించిరి. చేనీ రంగులపెట్టె లాస్ ఏంజెలీస్ వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

విద్యార్థులారా! ఇతడు బడి మానెనని మీరును మానవలదు. విధి లేక మానినవాడతడు. ఆ లోటును జీవితమంతయు కృషితో పూరించుకొనెను. ఈ చరిత్రమునుండి మేము గ్రహించినదొకటి కలదు. వికృతముగా కనబడువాని ముఖమును చూడగనే మన చూపు ప్రక్కకు మరలును. అట్లు మరలిన చూపును మరల అతని వైపునకు త్రిప్పి, చూడుము, ఇతడును నీవంటివాడేయని చూపినవాడు లాన్ చేనీ. మన వీధిలోను, మన తరగతిలోను మాట రానివాడో, నడువలేనివాడో, అందరు నవ్వువాడో ఒకడుండవచ్చును. అతనికి ఒక గ్రుక్కెడు నీరందించినప్పుడు ఆ ముఖమును నిదానించి చూడుడు. అక్కడ కానవచ్చు వెలుగునకై ఇతడు తన ముఖమును వేయి విధముల మార్చుకొనెను.